అడ్మిన్ హక్కులు లేకుండా పైథాన్ ప్యాకేజీ వేసుకోవడం, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ వాడటం ఒకటేనా?

ఒకటి కాదు: పిప్‌కి (పైథాన్ ప్యాకేజీలు వేసే టూల్) యూజర్ ఆప్షన్ (--user) ఇస్తే ప్యాకేజీ మీ హోమ్ ఫోల్డర్‌లోకి వెళ్తుంది, అంతే, ప్రాజెక్టులను ఒకదాని నుంచి ఒకటి విడదీసేది మాత్రం వర్చువల్ ఎన్విరాన్‌మెంటే (ఒక్కో ప్రాజెక్టు ప్యాకేజీలను విడిగా ఉంచే ఫోల్డర్).

అడ్మిన్ హక్కు అంటే సిస్టమ్ ఫోల్డర్లలో ఫైళ్లు రాసే అనుమతి. యూజర్ ఇన్‌స్టాల్ ఆ అవసరాన్ని తప్పిస్తుంది. కానీ ఆ పైథాన్ వెర్షన్‌కి అలాంటి ఫోల్డర్ మీకు ఒక్కటే ఉంటుంది, ఎన్విరాన్‌మెంట్ బయట ఆ వెర్షన్‌తో మీరు నడిపే ప్రోగ్రాములన్నీ అందులో వెతుకుతాయి. పైగా సిస్టమ్ ప్యాకేజీల కంటే ముందు దాన్నే చూస్తాయి. అందుకే మీరు వేసిన కొత్త వెర్షన్ వల్ల సంబంధం లేని టూల్ కూడా ఆగిపోవచ్చు, కారణం ఒక పట్టాన దొరకదు.

ఉదాహరణకు, డేటా విశ్లేషణకు వాడే పాండాస్ ప్యాకేజీలో, 2023లో వచ్చిన 2.0 వెర్షన్ నుంచి డేటాఫ్రేమ్‌కి (పట్టిక రూపంలోని డేటా) వరుసలు చేర్చే అపెండ్ మెథడ్‌ను తీసేశారు. మీ పాత ప్రాజెక్టు దాన్ని వాడుతోంది, కొత్తదానికేమో 2.0 కావాలి. యూజర్ ఫోల్డర్‌లో రెండు వెర్షన్లు పక్కపక్కన ఉండలేవు. ప్రాజెక్టుకో ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఏ టెన్షన్ లేదు.

ఎన్విరాన్‌మెంట్ తయారు చేయడానికి అడ్మిన్ హక్కులు కావాలని చాలామంది అనుకుంటారు. అక్కర్లేదు, అది మీ సొంత ఫోల్డరే. దాన్ని తయారుచేసే వీఎన్వ్ మాడ్యూల్ పైథాన్ 3.3 నుంచీ పైథాన్‌లో భాగమే (డెబియన్, ఉబుంటు లినక్స్‌లలో మాత్రం విడి ప్యాకేజీగా ఇస్తారు). ఇంకో అపోహ ఇంతకంటే ప్రమాదకరం: ఎన్విరాన్‌మెంట్ భద్రత కోసం కట్టిన గోడ అనుకోవడం. అది గోడ కాదు. అందులో వేసిన హానికర ప్యాకేజీ మీ ఫైళ్లన్నీ చదవగలదు, చెరిపేయగలదు కూడా.