‘ఇనడ్వర్టెంట్’ ఎక్కడ రాయాలి, ఎక్కడ రాయకూడదు

పర్లాకిమిడి (ఒడిశా)

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

సర్టిఫికెట్‌లో పేరు సరిచేయమని నువ్వు ఇంగ్లీషులో రాసిన అర్జీ చదివాను. ‘ఇనడ్వర్టెంట్’ (ఏమరుపాటున జరిగినది) అన్న మాట నాలుగుచోట్ల పెట్టావు: వానకి, క్లర్కుకి, ఆలస్యానికి, తప్పిపోయిన ఇంటిపేరుకి. ఆఖరిదానికే అది కుదిరింది.

చిక్కంతా మన ‘అనుకోకుండా’తో వస్తుంది. అనుకోకుండా వాన పడింది అంటాం, అనుకోకుండా గుణుపురం రైల్లో స్నేహితుడు కలిశాడనీ అంటాం. వీటిలో ఎవరి పరాకూ లేదు. వానకి ‘అన్ఎక్స్‌పెక్టెడ్’, రైల్లో కలయికకి ‘బై ఛాన్స్’ రాయాలి. ఇనడ్వర్టెంట్ అనాలంటే ఆ పని చేసిన మనిషి ఒకడుండాలి, అది అతని ఏమరుపాటు వల్ల జరగాలి. లాటిన్‌లో ‘అడ్వర్టెరె’ అంటే అటు తిరగడం, దృష్టి పెట్టడం. ముందున్న ‘ఇన్’ అది లేదంటుంది. తుమ్ము, ఉలికిపాటు లాంటివి మన చేతిలో లేనివి గనక వాటికి ‘ఇన్‌వాలంటరీ’.

ఈ మాట పనికి చెల్లుతుంది, మనిషికి కాదు. అందుకే ‘ఇనడ్వర్టెంట్ క్లర్క్’ కొట్టేశాను. ఎర్రర్ (తప్పు), ఒమిషన్ (వదిలేయడం), డిస్‌క్లోజర్ (బయటపెట్టడం) ముందు చక్కగా ఇముడుతుంది. అచ్చుతో మొదలవుతుంది కాబట్టి ‘యాన్’ రావాలి. స్పెల్లింగు చివర ఇ-ఎన్-టి, చాలామంది ఎ-ఎన్-టి రాసేస్తారు. పలికేటప్పుడు ‘వర్’ మీద ఒత్తు.

ఇక ఇంటిపేరు సంగతి. మనకి అది ముందుంటుంది, ఒడియా వాళ్లకి చివర. ఫారాల్లో మనది తారుమారవడమో, పొడి అక్షరంగా మిగిలిపోవడమో, అసలు ఎగిరిపోవడమో అందుకే. ‘మై సర్‌నేమ్ వజ్ ఇనడ్వర్టెంట్లీ ఒమిటెడ్’ అని రాయి. ఎవరు వదిలేశారో ఆ వాక్యం చెప్పదు, అడిగే పని ఆగదు, ఎవరి మనసూ నొచ్చుకోదు. దాని పక్కన ‘బై మిస్టేక్’ తగిలించకు, రెండూ ఒకటే. వెంటనే పూర్తి పేరు ఏ వరసలో ఉండాలో, ఏ కాగితం చూసి సరిచేయాలో రాయి. చాలామంది అర్జీల్లో ఈ రెండూ ఉండవు, అందుకే వెనక్కి వస్తాయి.

ఆలస్యం దగ్గర మాత్రం ఆ మాట తీసెయ్. తెలిసీ నెలల తరబడి ఊరుకుని ఏమరుపాటంటే చదివేవాళ్లు నమ్మరు, పైగా ఇంటిపేరు దగ్గర రాసిన నిజాన్నీ అనుమానిస్తారు. పరీక్షల వల్ల ఆలస్యమైతే పరీక్షలనే రాయి.

దిద్దిన ప్రతిని ఆఫీసులో ఇచ్చేముందు నాకు పంపు, చూస్తాను.

మీ మావయ్య