కనపడనిదానికి మ్యాప్ ఎట్లా గీస్తారు?

ప్రశ్న: సార్, వెలుగు ఇవ్వకుండా బరువు మాత్రం ఉండే డార్క్ మ్యాటర్ ఏ టెలిస్కోపుకీ కనపడదంటారు, మళ్లీ వాళ్లే బుల్లెట్ క్లస్టర్ అనే గెలాక్సీల గుంపు ఫొటో మీద నీలం రంగు పూసి ఇదిగో ఇక్కడుంది అంటారు. మా రూంలో దీని మీద పెద్ద గొడవే అయింది. ఇది లెక్కనా, ఊహనా?
– ఒక డిగ్రీ విద్యార్థి, ఆదోని, కర్నూలు జిల్లా

జవాబు: లెక్కే తమ్ముడూ. రంగు మాత్రం మనుషులు పూసిందే, అంతవరకు మీ రూమ్మేట్ల మాట కరెక్టే.

బరువున్నది ఏదైనా సరే పక్కనుంచి పోయే వెలుగును వంచుతాది, ఐన్‌స్టీన్ చెప్పిన ఈ మాటని 1919 సూర్యగ్రహణంలో ఫొటోలు తీసి మరీ చూసినారు. గెలాక్సీ క్లస్టర్ అంటే వందలు, వేల గెలాక్సీల గుంపు కదా, దాని బరువుకి ఎక్కడో వెనకాలున్న గెలాక్సీల వెలుగు వంగి, మనకు సన్నటి వంపు గీతలుగా సాగి కనిపిస్తాది. ఆబెల్ 370 క్లస్టర్‌లో ఇట్లాంటి గీత 1980ల్లోనే దొరికింది. క్లస్టర్ నడిమధ్య నుంచి గీత ఎంత దూరంలో పడిందో చూస్తే దాని లోపల బరువెంతో తెలుస్తాది.

అయితే ఈ గీతలు నడిమధ్యనే ఉంటాయి. అంచులకు పోయేకొద్దీ సాగుడు కొద్ది శాతమే, పైగా గెలాక్సీలు పుట్టుకతోనే కోలగా ఉంటాయి, అందుకని ఒక్కదాన్ని చూసి ఏమీ చెప్పలేం. జొన్న చేనులో ఒక్క దంటు వాలితే దాని ఖర్మ అనుకుంటాం, చేనంతా ఒక పక్కకు వాలితే గాలి ఎటుందో తెలిసిపోతాది, ఇదీ అంతే, వేల గెలాక్సీల ఆకారాలు కొలిచి సగటు తీస్తారు. అసలు తలనొప్పి ఏమంటే టెలిస్కోపు కూడా బొమ్మను కాస్త సాగదీస్తాది. నక్షత్రం చుక్కలాగే కనపడాలి కాబట్టి, అదే ఫొటోలో నక్షత్రాలు ఎంత సాగినాయో చూసి ఆ తప్పును తీసేస్తారు.

ఇక బుల్లెట్ క్లస్టర్. రెండు క్లస్టర్లు గుద్దుకున్నాయి, నక్షత్రాలన్నిటికంటే ఎక్కువ బరువున్న వేడి గ్యాసు ఒకదానికొకటి తగిలి వెనకబడింది, గెలాక్సీలు మాత్రం దాటుకుని ముందుకు పోయినాయి. ఆ గ్యాసును ఎక్స్‌రేల్లో చూసింది చంద్ర టెలిస్కోపు (మన భౌతిక శాస్త్రవేత్త చంద్రశేఖర్ గారి పేరే), ఫొటోలో గులాబీ రంగు అదే. డార్క్ మ్యాటర్ లేకుంటే బరువు ఎక్కువగా గ్యాసు దగ్గరే తేలాల, కానీ వెలుగు వంపును కొలిచి గీసిన, 2006లో వచ్చిన మ్యాప్‌లో గెలాక్సీల దగ్గర తేలింది, మీరు చూసిన నీలం అదే.

ఆ బరువు దేనితో తయారైందో మాత్రం ఈ మ్యాప్ చెప్పదు. మన చూపు పోయే వరుసలో క్లస్టర్‌కు ముందూ వెనకా ఉన్న వేరే బరువులు కూడా ఇందులో కలిసిపోతాయి, వాటిని విడదీయడానికి ఒక్కో గెలాక్సీ ఎంత దూరంలో ఉందో విడిగా కొలుచుకోవాల.