ప్రొప్రనొలాల్ వేస్తున్న బాబుకి పొద్దున్నే చెమటలు, మగత

ఎర్రమచ్చ (హెమాంజియోమా, అంటే రక్తనాళాలు ఎక్కువగా పెరిగి వచ్చే మచ్చ) తగ్గడానికి ప్రొప్రనొలాల్ మందు వేస్తున్న మీ బాబుకి పొద్దున్నే చెమటలు, మగత ఎందుకొస్తున్నాయని అడిగారు. ఆ మందు వల్ల రక్తంలో చక్కెర పడిపోతూ ఉండొచ్చు. రాత్రి డోసు వేశాక పాలు తాగకుండానే పడుకుంటున్నాడన్నారుగా, అనుమానం అక్కడే. ఎర్రమచ్చ వల్ల ఇలా కాదు.

1. పాలు పట్టేటప్పుడు గానీ తాగిన వెంటనే గానీ మందు వేయండి. ఖాళీ కడుపుతో వద్దు.

2. చాలామంది మరిచిపోయేది ఇదే: సరిగ్గా తాగకపోయినా, వాంతులవుతున్నా ఆ డోసు మానేయాలి. మచ్చ మళ్లీ పెరుగుతుందేమోనని మాకూ టెన్షనే, కానీ ఒక పూటతో ఏమీ కాదు. కక్కేస్తే మళ్లీ వేయొద్దు. డోసుల మధ్య కనీసం 9 గంటలుండాలి.

3. లేపినా లేవకపోతే, ఫిట్స్ వస్తే నోట్లో ఏమీ పోయకుండా వెంటనే ఆసుపత్రికి.

తర్వాతి డోసుకి ముందే డాక్టర్‌కి ఫోన్ చేసి ఈ చెమటల సంగతి చెప్పండి.