హైదరాబాద్‌లో 108 ఈఎంటీ ఉద్యోగం: డిప్లొమాలో చెప్పనివి

మీరు అడిగింది: ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, అంబులెన్స్‌లో పేషెంట్‌ని చూసుకునే మనిషి) డిప్లొమా అయిపోయింది, సిటీ బండిలో వేస్తారట, పని నిజంగా ఎలా ఉంటుంది, అంబులెన్స్ వాళ్ళు పేషెంట్ల మీద జోకులేసుకుంటారన్నది నిజమేనా అని.

జోకుల సంగతి ముందు తేల్చేద్దాం. వేసుకుంటాం, రోజూ వేసుకుంటాం. కాకపోతే వాటిలో పేషెంట్ ఉండడు. లిఫ్ట్ ఉంటుంది, అడ్రస్ ఉంటుంది, బండెక్కిన ఆరుగురు బావమరుదులు ఉంటారు, పైలట్ ఉంటాడు (ఇక్కడ డ్రైవర్‌ని పైలట్ అనే అంటారు, అలవాటు చేసుకోండి). సిటీలో ఈఎంటీ పనిలో వైద్యం సగం కూడా ఉండదు. మనిషిని వెతకడం, కిందికి దించడం, జనాన్ని జరపడం, ఆసుపత్రి నుంచి మన స్ట్రెచర్ మనం వెనక్కి తెచ్చుకోవడం, మిగతాదంతా ఇదే. నవ్వొచ్చేదీ ఇక్కడే, కేసు చెడేదీ ఇక్కడే.

డ్యూటీ మామూలుగా పన్నెండు గంటలు. ఎక్కగానే పైలట్ ఆయిల్, కూలెంట్, టైర్లు, సైరన్ చూసుకుంటాడు. మీరు మొదట ఆక్సిజన్ చూడాలి. గేజ్ మీద ముల్లు ఉందని సంతకం పెట్టేయకండి, లెక్క కట్టండి. బీ టైప్ సిలిండర్ నీటి కెపాసిటీ 10 లీటర్లు. గేజ్ 150 కిలోలు (ప్రెషర్) చూపిస్తే 10 ఇంటూ 150, అంటే దాదాపు 1500 లీటర్ల గ్యాస్. నాన్ రీబ్రీదర్ మాస్క్‌తో (సంచి ఉన్న ఆక్సిజన్ మాస్క్) నిమిషానికి 15 లీటర్లు ఇస్తే 100 నిమిషాలు. గేజ్ 50కి పడితే అదే మాస్క్‌కి అరగంట, అందులోనూ చివరి పది పదిహేను కిలోలు లెక్కలో వేసుకోకూడదు. సాయంత్రం ఆరింటికి కూకట్‌పల్లి నుంచి పంజాగుట్ట నిమ్స్ ఆసుపత్రికి బయల్దేరితే అరగంట ఎందుకూ చాలదు. సిలిండర్ తాళం, అదే స్పానర్, తాడుతో సిలిండర్‌కే కట్టి ఉందో లేదో చూడండి. కట్టకపోతే వారంలో మాయమవుతుంది. ఆక్సిజన్‌ని తడిపే హ్యూమిడిఫయర్ బాటిల్‌లో నీళ్ళు గీత దాటితే మొదటి స్పీడ్ బ్రేకర్‌కే ట్యూబులోకి ఎక్కి పేషెంట్ ముక్కులో పడతాయి. తర్వాత సక్షన్ (నోట్లోంచి కఫం, రక్తం లాగే మిషన్) ఆన్ చేసి ట్యూబు చివర వేలితో మూసి లాగుతోందో లేదో చూడాలి. లారింగోస్కోప్ (గొంతు లోపల చూసే పరికరం) లైట్ వెలిగించి చూడండి. వెలగకపోతే బల్బును తిట్టే ముందు బేస్‌లో (కాల్ లేనప్పుడు బండి ఉండే చోటు) గోడ గడియారం వెనక వెతకండి, సెల్స్ అక్కడే ఉంటాయి.

ఇక అడ్రస్. ఫోన్ చేసినవాడు చాలాసార్లు దారినపోయేవాడు; మీరు వెళ్ళేసరికి ఆఫీసుకి చేరి ఉంటాడు. ఎక్కడున్నారు అని అడిగితే "ఇక్కడే సార్, రోడ్డు మీద" అంటారు. అలా అడక్కుండా "మీకెదురుగా ఏ షాపు ఉంది, బోర్డు కింద చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి" అనండి. ఏరియా పేరు దాదాపు ఎప్పుడూ అందులోనే దొరుకుతుంది. మెట్రో కింద, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద అయితే పిల్లర్ నంబర్ అడగండి. మెట్రో పిల్లర్ అయితే అంకెతో పాటు ముందున్న అక్షరం కూడా కావాలి, లేకపోతే ఊరి ఇంకో మూలకి వెళ్తారు. వాట్సాప్‌లో లొకేషన్ పంపితే, పంపినవాడు పేషెంట్ దగ్గరే ఉన్నాడా అని తప్పనిసరిగా అడగాలి. తండ్రికి నిజాంపేటలో గుండెనొప్పి వస్తే కొడుకు డల్లాస్ నుంచి పక్కింటాయనకి ఫోన్ చేస్తాడు, ఆయన ఆఫీసులో ఉండి 108కి చేస్తాడు, లొకేషన్ ఆయన ఆఫీసుది వస్తుంది. గేటెడ్ కమ్యూనిటీ అయితే ఇంకో మెట్టు: సెక్యూరిటీ గార్డు రిజిస్టర్ ముందుకి తోసి, ఫ్లాట్ నుంచి యాప్‌లో అప్రూవల్ రావాలంటాడు. అప్రూవ్ చేయాల్సిన మనిషి స్పృహ తప్పి పడి ఉంటాడు. దారిలోనే ఇంట్లోవాళ్ళకి ఫోన్ చేసి, ఒకరిని గేటు దగ్గరికి, ఇంకొకరిని లిఫ్ట్ తలుపు పట్టుకోవడానికి పంపించమనండి. ఒకరే ఉంటే గేటు దగ్గరికి.

లిఫ్ట్ గురించి మా వాళ్ళలో ఒక సూత్రం ఉంది: అంతస్తు పెరిగేకొద్దీ పేషెంట్ బరువు పెరుగుతుంది, లిఫ్ట్ పనిచేసే అవకాశం తగ్గుతుంది. పనిచేసినా పాత అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో స్ట్రెచర్ పడుకోబెట్టి పట్టదు. కూర్చోగలిగిన పేషెంట్ అయితే కుర్చీ వాడండి, కానీ ఇంట్లోవాళ్ళు తెచ్చే ప్లాస్టిక్ కుర్చీ వద్దు. మెట్ల మీద వంచగానే వెనక కాళ్ళు విడిపోతాయి. చెక్కదో ఇనుపదో అడగండి. ఛాతీ, నడుము దగ్గర దుప్పటితో కట్టి, చేతులు ఒళ్ళో పెట్టించండి. భయానికి రెయిలింగ్ పట్టుకున్నారంటే అందరూ కలిసి పడతారు. వెన్నెముక దెబ్బ అనుమానం ఉన్నా, బీపీ పడిపోయినా కుర్చీ పనికిరాదు, స్పైన్ బోర్డే (వెన్ను కదలకుండా పడుకోబెట్టే గట్టి పలక). బోర్డు మీద ముందు ఛాతీ, తర్వాత నడుము, కాళ్ళు, తల చివర కట్టాలి. తల ముందే కట్టేస్తే, ఒళ్ళు జారినప్పుడు బరువంతా మెడ మీద పడుతుంది. దిగేటప్పుడు కాళ్ళు ముందు, ఎక్కేటప్పుడు తల ముందు. బలమైనవాళ్ళు కిందివైపు. ఎత్తేముందు ఎవరో ఒకరే లెక్క చెప్పాలి, మూడుకి ఎత్తాలా మూడు తర్వాతా అన్నది ముందే తేల్చుకోవాలి. సాయానికి వచ్చిన కుర్రాడికి ఇది చెప్పకపోతే వాడు రెండుకే ఎత్తుతాడు.

"గ్యాస్ కేసు" అంటే మా దగ్గర నవ్వూ భయమూ రెండూ. ఛాతీ బరువు, చెమటలు, ఎడమ చెయ్యి లాగడం, ఇదంతా ఉన్నా ఇంట్లో ముందు ఈనో కలుపుతారు, తర్వాత జీలకర్ర నీళ్ళు, అదీ అయ్యాక 108. పేషెంట్ "గ్యాసే, మీరెళ్ళండి" అంటాడు. వెళ్ళకండి. ఎలర్జీ, రక్తస్రావం అడిగి, ఈఆర్‌సీపీ డాక్టర్‌కి (108 కంట్రోల్ సెంటర్‌లో ఫోన్లో సలహా ఇచ్చే డాక్టర్) ఫోన్లో చెప్పి, ఆయన సరేనంటే ఆస్పిరిన్ 325 నమిలించండి. మింగితే ఆలస్యంగా పనిచేస్తుంది. సార్బిట్రేట్ (నాలుక కింద పెట్టే గుండెనొప్పి మాత్ర) ఇవ్వమంటే ముందు బీపీ చూడాలి, పై అంకె 90 కంటే తక్కువైతే వద్దు. ఇంకో ప్రశ్న కూడా ఉంది, వయాగ్రా లాంటి మాత్రలేమైనా వేసుకున్నారా అని. వేసుకున్నవాళ్ళకి సార్బిట్రేట్ ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. అత్తగారూ కోడలూ నిలబడి ఉండగా అడిగితే ఎనభై ఏళ్ళ ఋషి కూడా లేదనే చెబుతాడు. బండిలోకి ఎక్కించి, తలుపు మూసి, చెవి దగ్గర అడగండి.

"తాగి పడిపోయాడు" అని వచ్చే కేసుల్లో మొదట చెయ్యాల్సింది గ్లూకోమీటర్ తీయడం. షుగర్ పడిపోయినవాడు కూడా తూలుతాడు, తిడతాడు, అర్థం లేకుండా మాట్లాడతాడు. నిజంగా తాగినవాడికి కూడా పడిపోయి ఉండొచ్చు. వాసన చూసి నిర్ణయం చెయ్యడం సిటీలో అందరికంటే జనం బాగా చేస్తారు, ఆ పని వాళ్ళకే వదిలేయండి.

జనం సంగతి చెప్పాలంటే, ఫిట్స్ వస్తే తాళాల గుత్తి చేతిలో పెడతారు, యాక్సిడెంట్ అయితే సోడా తాగిస్తారు, కాలితే టూత్‌పేస్ట్ పూస్తారు. అరిచి ప్రయోజనం లేదు. పని అప్పగిస్తే మారతారు: ఎక్కువ గొడవ చేసేవాణ్ణి పిలిచి "అన్నా, సెలైన్ పట్టుకో, గుండె కంటే పైకి" అనండి. ఆ నిమిషం నుంచి జనాన్ని వాడే తోస్తాడు. ఒకటి గుర్తుంచుకోండి, మనిషి చనిపోయారని చెప్పే అధికారం ఈఎంటీకి లేదు. ఈఆర్‌సీపీతో మాట్లాడకుండా ఆ మాట నోట రానివ్వకూడదు. బండి ముఖం కూడా ముందే బయటి దారివైపు తిప్పి పెట్టించండి, గొడవైతే వెంటనే కదలొచ్చు.

దారిలో సైరన్ నేరుగా ఉన్న రోడ్డు మీద సాగదీసే మోత, జంక్షన్‌లో గబగబా మారే మోత. ఒకటే మోత మోగిస్తూ పోతే ముందున్నవాళ్ళ చెవికి అలవాటైపోతుంది. దారివ్వకపోతే మోటార్ వాహనాల చట్టం 194ఈ కింద 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకూ జైలు, లేదా రెండూ ఉన్నాయి, 2019 సవరణలో వచ్చింది. మనకి అంతకంటే ఇబ్బంది వెనకాల వచ్చే కాన్వాయ్. దారి దొరికిందని పది బైకులు బండికి అంటుకుని వస్తాయి, పైలట్ గట్టిగా బ్రేక్ వేయలేడు. సెలైన్ నీడిల్ బండి కదలకముందే పెట్టేయండి. దారిలో తప్పకపోతే ఆపించండి, లేదా స్పీడ్ బ్రేకర్ రాబోతోందని పైలట్ మధ్య కిటికీలోంచి మీకు అరిచి చెప్పాలి. కదిలే బండిలో తలవంచి పీసీఆర్ (పేషెంట్ వివరాలు రాసే ఫారం) రాస్తే వాంతి మీకే వస్తుంది. తొడ మీద ప్యాంటుకి మైక్రోపోర్ టేపు అతికించుకుని బీపీ, పల్స్, టైము దానిమీద రాసుకుని, ఆసుపత్రికి చేరాక పీసీఆర్‌లోకి ఎక్కించుకోండి.

పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో ట్రాలీ ఖాళీ లేదంటే పేషెంట్ మన స్ట్రెచర్ మీదే ఉంటాడు, మనం వేకెంట్ (బండి ఖాళీ, ఇంకో కేసుకి సిద్ధం) అని కంట్రోల్‌కి చెప్పలేం. స్పైన్ బోర్డు స్కానింగ్‌కి వెళ్ళిందంటే కాపురానికి వెళ్ళిన కూతురే, పండగకి కూడా రాదు. బండి నంబరు బోర్డు రెండువైపులా పెయింట్‌తో రాయించండి, వార్డులో ఎవరికిచ్చారో పేరు పీసీఆర్‌లో రాయండి.

పండగలకి కేసులు మారతాయి. సంక్రాంతికి మాంజా: మెడ తెగితే కట్టు చుట్టకూడదు, గాజ్ గుడ్డతో (కట్టు కట్టే పల్చటి గుడ్డ) నేరుగా నొక్కి, గాలి లోపలికి పోకుండా ప్లాస్టిక్ పొర పైన పెట్టాలి. దీపావళికి కళ్ళు: నొక్కకుండా పేపర్ కప్పు బోర్లించి టేపు వేసి మెహదీపట్నం సరోజినీదేవి కంటి ఆసుపత్రికి. నిమజ్జనం రోజు హుస్సేన్ సాగర్ చుట్టూ ఏ దారి మూస్తారో పొద్దున్నే పోలీసుల నోటీసు చూసుకోండి.

మిగిలినవి నమ్మకాలు. బేస్‌లో "ఇవాళ ఖాళీగా ఉందే" అన్నవాడు ఆ రోజు టీ డబ్బులు ఇవ్వాలి, ఎందుకంటే ఆ టీ ఎవరూ తాగరు, కాల్ వస్తుంది. ఎనిమిదికి డ్యూటీ దిగాలంటే ఏడు యాభైకి కాల్ వస్తుంది, అదీ ఊరి ఆ చివర. దసరాకి బండికి గుమ్మడికాయ కొట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, సైరన్ ఒకసారి మోగించడం ఆనవాయితీ. పసిపిల్లల కేసు, కాలిన కేసు తర్వాత మాత్రం ఎవరూ జోకెయ్యరు. కొత్తవాడు వేస్తే పైలట్ చూసే చూపు చాలు. బండి కడుక్కుంటారు, అంతే. బాగా కలవరపెట్టిన కేసు అయితే సూపర్‌వైజర్‌కి ఆ రోజే చెప్పండి, నిద్ర పట్టని మూడో రాత్రి దాకా ఆగకండి.

చేరే రోజు వెంట తీసుకెళ్ళాల్సినవి: నీళ్ళు జారని అడుగున్న బూట్లు, ఒక జత అదనపు సాక్సులు, తాడు కట్టిన కత్తెర, రెండు పెన్నులు (ఒకటి క్యాజువాలిటీలో పోతుంది), బిస్కెట్ ప్యాకెట్. టిఫిన్ బాక్సులో పులిహోర పెట్టుకోండి; చల్లారినా తినొచ్చు, ఎప్పుడు తింటారో చెప్పలేం.