పాత కారు ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా? ముందు రేకు పని నేర్చుకోండి

"నాకు ఏ అనుభవమూ లేదు. పాత మారుతి 800 ఒకటి కొని సెలవు రోజుల్లో నేనే బాగుచేసుకోవాలని ఉంది. ఇంజిన్ పని నేర్చుకోవడానికి ఎంత కాలం పడుతుంది, ఏ పనిముట్లు కొనాలి?" అని మీరు అడిగారు.

నిక్షేపంగా చేసుకోవచ్చు. కానీ ఇంజిన్ జోలికి ఇప్పుడే వెళ్ళకండి. ఆ 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ అంత తేలిగ్గా చెడదు. చెడినా దాన్ని విప్పి బిగించగల మేస్త్రి మన వైపు ప్రతి సెంటర్లోనూ ఉంటాడు. ఆ కారుని చంపేది తుప్పు. 1983లో మొదలై 2014 జనవరిలో తయారీ ఆగిపోయిన బండి అది. ఇప్పుడు దొరికేవాటిలో ఇంజిన్ పోయి తుక్కుకి వెళ్ళేవాటికంటే కింద రేకు తినేసి వెళ్ళేవే ఎక్కువ. రేకు కొయ్యడం, వంచడం, అతకడం చేతనైతే ఆ కారు మీ చేతుల్లో ఇంకో ఇరవై ఏళ్ళు తిరుగుతుంది. చేతకాకపోతే ఇంజిన్ ఎంత బాగా విప్పడం వచ్చినా లాభం లేదు.

నేను మెకానిక్‌ని కాను. కృష్ణా జిల్లాలో ఒక సహకార సంఘంలో లెక్కలు రాసే ఉద్యోగం నాది. ఇనుము మీద ఇష్టం మాత్రం చిన్నప్పటిది. బడి వదలగానే మా ఊరి కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్ళి తిత్తి లాగేవాణ్ణి. కర్రు ఎర్రగా కాలి దాగలి మీదికి వచ్చి, సుత్తి దెబ్బకి సాగుతుంటే చూడటం కంటే గొప్ప వినోదం ఉంటుందని నాకు అప్పుడూ అనిపించలేదు, ఇప్పుడూ అనిపించదు. ఉద్యోగంలో కుదురుకున్నాక పెరట్లో షెడ్డు వేసుకుని, విజయవాడ ఆటోనగర్‌లో కారు రేకు పని చేసే ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గర ఆదివారాలు నిలబడి పని నేర్చుకున్నాను. ఆయన నాకు మొదట చేతికిచ్చింది ఆకురాయి. వెల్డింగ్ హోల్డర్ ముట్టుకోనివ్వడానికి చాలా కాలం పట్టింది. అదే సరైన వరస అని ఇప్పటికీ నమ్ముతాను. అంచు సాఫుగా రాకపోతే అతుకు ఎప్పటికీ నిలవదు.

మా మావయ్య బందరులో వాడిన 1997 మోడల్, కార్బురేటర్ బండి నా దగ్గరికి వచ్చింది. ఉప్పుగాలికి తిరిగిన కారు. డ్రైవర్ వైపు కాళ్ళ కింద తివాచీ ఎప్పుడూ తడిగానే ఉండేది. ముందు అద్దం రబ్బరు బీడింగ్ గట్టిపడి వాన నీరు లోపలికి జారుతోంది, ఆ నీరు తివాచీ కింద తారు మ్యాట్‌లో ఇంకి ఆరకుండా ఉండిపోతోంది. ఒక వర్క్‌షాపులో చూపిస్తే, "ఏం లేదండీ, పైన ఒక రేకు వేసి రివిట్లు కొట్టి, మీద ఫైబర్ పూసేస్తాం, సాయంత్రానికి తీసుకెళ్ళండి" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ కారుకి లారీకి ఉన్నట్టు విడిగా చాసీ ఉండదు. బాడీ రేకే దాని ఎముక. సీటు కారు లోపలి నేల రేకుకే బిగించి ఉంటుంది. తుప్పు మీద రేకు కప్పితే మధ్యలో తడి చిక్కుకుని, రెండేళ్ళలో పాత రేకూ పోతుంది, కొత్త రేకూ పోతుంది. కింద పడేది డబ్బులిచ్చినవాడు.

బండి ఇంటికి తెచ్చుకుని సీటు తీసి, తివాచీ ఎత్తి, తారు మ్యాట్‌ని వేడిగాలి గన్‌తో మెత్తబరిచి గీకేశాను. స్క్రూడ్రైవర్‌తో పొడుస్తూ వెళ్ళాను. గట్టి రేకు ఠంగుమంటుంది, తిన్న రేకు చప్పుడు లేకుండా లోపలికి దిగిపోతుంది. దిగిన చోటల్లా సుద్దముక్కతో గీత గీసుకుంటూ పోతే, చివరికి ఒక పెద్ద పళ్ళెమంత మేర తేలింది. అందులోంచి షెడ్డు నేల కనిపిస్తోంది.

కొయ్యడానికి ముందు చేయాల్సినవి చాలా ఉన్నాయి. వీడియోల్లో వీటిని సగం నిమిషంలో దాటేస్తారు, నాకు అదే కోపం. బ్యాటరీ నెగటివ్ తీసెయ్యాలి. 2000 తర్వాతి ఎంపీఎఫ్ఐ బండి (కార్బురేటర్ బదులు కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మేది) అయితే కంప్యూటర్ కనెక్టర్ కూడా ఊడదీయండి. నేల కింద నుంచే ముందుకి పెట్రోలు పైపు, వెనక్కి బ్రేకు పైపు వెళ్తాయి. పెట్రోలు ట్యాంకు దింపి షెడ్డుకి దూరంగా పెట్టాను. పైపులు రెండూ క్లిప్పుల్లోంచి విడదీసి పక్కకి కట్టేశాను. తలుపు గుమ్మానికి అడ్డంగా ఒక ఇనుప పైపు తాత్కాలికంగా వెల్డ్ చేశాను. నేల కోసేశాక బాడీ మిల్లీమీటరు కుంగినా ఆ తలుపు మళ్ళీ సరిగ్గా పడదు. ఆటోనగర్‌లో పాత మేస్త్రులు ఎవరూ ఈ పైపు లేకుండా కట్టర్ ముట్టుకోరు.

ఇక స్టాండ్లు. కారుతో వచ్చే జాకీ టైరు మార్చుకోవడానికి. దాన్ని నమ్ముకుని కారు కింద దూరేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్ వచ్చేస్తుంది. నా స్టాండ్లు నేనే చేసుకున్నాను. మందపాటి పైపు, మూడు కాళ్ళు, లోపల జారే కడ్డీ, దాన్ని ఆపడానికి ఉక్కు పిన్ను. కారు బరువు 650 కిలోల చిల్లరే. అయినా నేను కింద దూరకముందు ఆ స్టాండ్ల మీద ఇసుక నింపిన ట్రాక్టర్ తొట్టి నిలబెట్టి ఒక రాత్రంతా వదిలేశాను. పొద్దున్న వెళ్ళి అతుకులన్నీ టార్చి వేసి చూశాను. అలా పరీక్షించే ఓపిక లేనివాళ్ళు స్టాండ్లు కొనుక్కోవడమే మేలు.

కొత్త రేకుకి 20 గేజీ సీఆర్ షీటు, అంటే పూత లేని సాదా ఉక్కు రేకు తెచ్చాను. మందం మిల్లీమీటరుకి కొంచెం తక్కువ. షాపువాడు తుప్పు పట్టదని జింకు పూసిన జీఐ రేకు అంటగట్టబోయాడు. ఆ పూత గీకెయ్యకుండా జీఐ రేకు వెల్డింగ్‌కి పనికిరాదు. ఉక్కు కరగాలంటే 1,500 డిగ్రీల దాకా కావాలి, పైన ఉన్న జింకు పూత 900 దాటగానే ఆవిరైపోతుంది. ఆ తెల్ల పొగ పీలిస్తే సాయంత్రానికి చలిజ్వరం పట్టుకుంటుంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేసే షాపుల్లో కుర్రాళ్ళు జీఐ పైపుల మీద మాస్కు కూడా లేకుండా రోజంతా అతుకుతుంటారు. యజమానులకి ఆ మాత్రం చెప్పే దిక్కు లేదు.

రేకు మీద కొలత పెట్టే ముందు పాత అట్టపెట్టె చింపి అచ్చు తీశాను. అట్ట వంగుతుంది, మడత పడుతుంది, తప్పు పోతే ఇంకో అట్ట దొరుకుతుంది. అచ్చు ప్రకారం రేకు కోసి, అంచులు మడిచాను. ఆ మడత పెట్టే సాధనం కూడా సొంతంగా చేసుకున్నదే. రెండు ఎల్ ఆకారపు ఇనుప యాంగ్లర్లు, రెండు బలమైన బందులు, ఒక పైపు హ్యాండిల్, అంతే. బజార్లో వేలు పోసి కొనే షీటు బెండరు చేసే పనిలో ముప్పాతిక పని చేస్తుంది. ఇక నేల రేకు మీద పొడుగ్గా గాడులుంటాయి చూశారా, అవి అందం కోసం పెట్టినవి కావు. గాడి లేని చదును రేకు కాలు పెట్టగానే డబడబ కొట్టుకుంటుంది. తుమ్మ చెక్కలో గాడి తొలిచి, దాని మీద రేకు పెట్టి, గుండ్రటి కడ్డీని సుత్తితో దించుకుంటూ పోయాను. పాత గాడికి కొత్త గాడి సరిగ్గా వరస కలిసింది. ఆ పూట నేను పొందిన తృప్తి జీతం పెరిగిన నాడు కూడా పొందలేదు.

వెల్డింగ్‌కి రాడ్డు మెషీన్ వాడలేదు. ఇంత పల్చటి రేకు మీద 2.5 మిల్లీమీటర్ల రాడ్డు పెడితే చిల్లులు పడతాయి. 0.8 మిల్లీమీటరు తీగతో, సీఓటూ గ్యాసు చాటున అతికే సీఓటూ మెషీన్ అద్దెకి తెచ్చాను. అతుకు కింద రాగి పట్టీ ఆనించి పట్టుకోవాలి. రాగి వేడిని లాగేస్తుంది, కరిగిన ఉక్కు దానికి అంటదు, చిల్లు పడదు. పాత ఏసీ రాగి పైపు చీల్చి చదును చేసి ఆ పట్టీ తయారుచేసుకున్నాను. ఒక చుక్క ఇక్కడ, తర్వాతి చుక్క ఎదుటి మూల, చేత్తో ముట్టుకోగలిగేదాకా ఆగి మళ్ళీ ఇంకో చుక్క. వరసగా గీత లాగితే రేకు అప్పడంలా ముడుచుకుపోతుంది. వెల్డింగ్ మాస్కులో 11వ నంబరు నల్ల అద్దం పెట్టుకున్నాను.

మా బావమరిదిని అవతలివైపు తడి గోనెసంచీ, నీళ్ళ బకెట్, మంటలార్పే పొడి సిలిండర్‌తో కూర్చోబెట్టాను. వెల్డింగ్ చేసేవాడికి మాస్కులోంచి ఆ చుక్క తప్ప ఇంకేమీ కనబడదు. ఒక్కడే ఈ పని చేయకూడదు. సగంలో ఉండగా "బావా, ఆపు, పొగ!" అని కేకేశాడు. గుమ్మం కింద మిగిలిన తారు పూత అంటుకుంది. నేను వెల్డింగ్ గన్ వదిలేలోపే తడి గోనె వేసి ఆర్పేశాడు. "ఇంకెంత సేపు బావా, మీ చెల్లెలు రెండుసార్లు ఫోన్ చేసింది" అన్నాడు. ఇంకో పూట పట్టింది. అతుకులు గ్రైండర్‌తో సాపు చేసి, జింకు ప్రైమర్ కొట్టి, అతుకు సందులు మూసే సీమ్ సీలర్ పూసి, కింద నుంచి అండర్‌కోటింగ్ వేశాను. అద్దం బీడింగ్ మార్చాను. అది మార్చకపోతే ఇంత పనీ బూడిదలో పోసినట్టే. గుమ్మానికి పెట్టిన పైపు కోసేసి తలుపు వేశాను. ఒక్క తోపుకి టక్కున పడింది.

ఆ కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకి వెళ్ళినప్పుడు నా బాధ వేరు. 15 ఏళ్ళు దాటాక ఐదేళ్ళకోసారి చేయించుకోవాలి, తప్పు లేదు. 2022 ఏప్రిల్‌లో కారుకి ఆ ఫీజు 600 నుంచి ఒక్కసారిగా 5,000 చేశారు. పాత బండిని పొగ లేకుండా, తుప్పు లేకుండా కాపాడుకునేవాడికీ, పారేయాల్సిన బండి తిప్పేవాడికీ ఒకే లెక్క. కొత్త కార్లేమో రిపేరుకి వీల్లేకుండా వస్తున్నాయి. దీపం బల్బు మార్చాలంటే బంపరు విప్పాల్సిన కార్లున్నాయి. సర్వీసు సెంటర్లో ఏదడిగినా "అసెంబ్లీ మార్చాలి సార్" అనే మాటే. అక్కడి కుర్రాళ్ళ తప్పు కాదు, వాళ్ళకి బాగుచేయడం నేర్పలేదు, మార్చడం నేర్పారు.

మీకు వెల్డింగ్ వచ్చాక స్నేహితులు వరస కడతారు. బంపరు ముందు ఇనుప గార్డు పెట్టు, బాడీ ఎత్తు పెంచు అంటారు. ఒప్పుకోకండి. 2017 డిసెంబరులోనే కేంద్ర రవాణా శాఖ ఆ గార్డులు తీయించమని రాష్ట్రాలకి చెప్పింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు. ఉన్న రూపాన్ని నిలబెట్టడమే మన పని. ఇంకోటి, స్టీరింగ్ రాడ్డుకి, చక్రాలని పట్టుకునే సస్పెన్షన్ చేతులకి ఎవరడిగినా వెల్డింగ్ పెట్టకండి. అవి విరిగితే కొత్తవే వేయాలి. ఈ విషయంలో నేను మా సొంత తమ్ముడికి కూడా కాదన్నాను.

పనిముట్లు అడిగారు కదా. మెరిసే పెట్టెలో వందకి పైగా ముక్కలుండే సెట్లు కొనకండి. అందులో సగం ఎప్పటికీ వాడరు, వాడే పానా మొదటి గట్టి నట్టుకే జారిపోతుంది. మారుతికి 10, 12, 14, 17 సైజులు మంచివి ఉంటే చాలా పని అయిపోతుంది. ఒక మంచి సుత్తి, రెండు ఆకురాళ్ళు, రేకు కత్తెర, చిన్న గ్రైండర్, కళ్ళజోడు. వెల్డింగ్ మెషీన్ ముందు అద్దెకి తెచ్చుకుని తుక్కు రేకుల మీద చెయ్యి తిప్పండి. ఆటోనగర్‌లో తుక్కు రేకు కిలోల లెక్కన ఇస్తారు.

బండి చూడటానికి వెళ్ళినప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేయించుకుని మురిసిపోకండి. డ్రైవర్ వైపు తివాచీ ఎత్తండి, వేలితో కింద తడి ఉందేమో చూడండి, డిక్కీలో స్టెప్నీ తీసి దాని కింద చూడండి, స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకెళ్ళండి. తివాచీ ఎత్తనివ్వని మనిషి దగ్గర కొనవద్దు. మీది కార్బురేటర్ మోడలే అయితే చెప్పండి, నా దగ్గర డ్రైవర్ వైపు అట్ట అచ్చు ఇంకా ఉంది, కొలతలు రాసి పంపిస్తాను.