బ్రెయిన్ డెడ్ అయినవారికి సోడియం పెరిగితే తప్పు సెలైన్‌దేనా?

మీ అన్నయ్య పోయి నెలలు గడిచినా ల్యాబ్ రిపోర్టులోని ‘సోడియం 168’ మిమ్మల్ని నిద్రపోనివ్వడం లేదని రాశారు. సెలైన్ ఎక్కువ ఎక్కించి ఒంట్లో ఉప్పు పెంచారా, ఆ ఉప్పే మెదడును చంపిందా అని అడిగారు. తిరుపతిలో ఐసీయూ నర్సుగా చాలాకాలం పనిచేశాను. తలకు దెబ్బ తగిలి వచ్చినవారిలో నేను చూసింది దీనికి తలకిందులు. ముందు మెదడు పోతుంది, ఆ తర్వాత సోడియం ఎగబాకుతుంది.

ఒంట్లో నీటిని కాపాడే వాసోప్రెసిన్ అనే హార్మోన్ మెదడు అడుగున తయారవుతుంది. మెదడు చనిపోయాక చాలామందిలో అది ఆగిపోతుంది. అప్పటికే రక్తంలో ఉన్నది కొద్దిసేపట్లోనే కరిగిపోతుంది. ఇక కిడ్నీలు నీటిని పట్టి ఉంచలేవు. మామూలుగా అరవై కిలోల మనిషికి గంటకు 30 నుంచి 60 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. ఈ స్థితిలో అది 300 దాటిపోతుంది. నీళ్లు పోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. 135 నుంచి 145 మధ్య ఉండవలసిన సోడియం 160, 170 అవుతుంది.

పాకాల వైపు నుంచి వచ్చిన ఒక కుటుంబం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. మామిడికాయల లోడు ఫ్యాక్టరీలో దించి, రాత్రి బండి మీద ఇంటికి వస్తూ ఆ అబ్బాయి పడిపోయాడు. హెల్మెట్ ఉంది, బండికి తగిలించి ఉంది. ఈ మాట రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. పోలీసులు కనిపించే కూడలి దగ్గర పెట్టుకుని, ఊరి దారి రాగానే తీసేసే అలవాటు మన జిల్లాలో ఎంతమంది పిల్లలను మింగిందో ఐసీయూలో పనిచేసినవాళ్లను అడగండి.

మరునాటి సాయంత్రానికి ఆ అబ్బాయి కంటిపాపలు వెలుగుకు కదలడం మానేశాయి, మెదడు పోతోందనడానికి అది గుర్తు. రాత్రికి యూరిన్ బ్యాగు నిండడం మొదలైంది. రెండు లీటర్లు పట్టే బ్యాగు ఖాళీ చేసి చేతులు కడుక్కుని వచ్చేసరికి మళ్లీ అడుగున చేరుతోంది. పసుపు ఛాయ కూడా లేదు, కుళాయి నీళ్లలా ఉంది. వాళ్ల నాన్న అది చూసి, ఆ రెండు రోజుల్లో మొదటిసారి ముఖం వెలిగి, “సిస్టర్, మా వాడికి ఒంటికి బాగా వస్తోంది, కిడ్నీలు పనిచేస్తున్నాయి కదమ్మా, కోలుకుంటాడు కదా?” అన్నారు. ఆయన ఆశపడిన ఆ బ్యాగే మాకు చెడ్డ కబురు. ఆ సమయంలో ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు. డాక్టర్లు వచ్చి ఇంగ్లీషులో మాట్లాడుకుని వెళ్లారు.

తెల్లవారి రిపోర్టులో సోడియం 163. బెంగళూరులో ఉన్న బంధువొకరు ఫోనులో “సెలైన్‌లో ఉప్పుంటుంది, అదే పెంచేశారు” అని చెప్పారు. ఇక గొడవే. పెద్దాయన సెలైన్ సీసా మీద రాసింది వేలితో చూపించి అడుగుతున్నారు. నేను ఆయన్ను, ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టి, గంటగంటకూ రాసే చార్టు తెరిచి ఎన్ని నీళ్లు లోపలికి వెళ్లాయో, ఎన్ని బయటికి వచ్చాయో చూపించాను. అప్పటిదాకా నోరు విప్పని ఆ తల్లి నెమ్మదిగా, “పులుసు ఇగిరిపోతే ఉప్పెక్కినట్టా అమ్మా?” అన్నారు. అవునమ్మా అన్నాను. ఆ తర్వాత ఆయన సెలైన్ మాట ఎత్తలేదు.

మీ అనుమానం పూర్తిగా నిరాధారమని నేను అనను. నార్మల్ సెలైన్‌లో లీటరుకు 154 మిల్లీ ఈక్వివలెంట్ల సోడియం ఉంటుంది. పోతున్నది దాదాపు మంచినీళ్లయినప్పుడు దాని బదులు సెలైనే ఎక్కిస్తూ పోతే అంకె ఇంకా పెరుగుతుంది. అందుకే వాసోప్రెసిన్ లేదా అలాగే పనిచేసే డెస్మోప్రెసిన్ ఇస్తారు, ముక్కు గొట్టం ద్వారా నీళ్లు పోస్తారు, ఉప్పు లేని చక్కెర నీళ్లైన డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తారు. మరో సంగతి కూడా ఉంది. మెదడు వాపు తగ్గించడానికి మొదట్లో ఇచ్చే మానిటాల్ వల్లా, మామూలు దానికంటే ఉప్పు ఎక్కువుండే 3 శాతం సెలైన్ వల్లా సోడియం పెరుగుతుంది. కొందరిలో కావాలనే 145 దాటిస్తారు. అది ప్రాణం కాపాడే ప్రయత్నం, నిర్లక్ష్యం కాదు.

సోడియం దించితే మనిషి లేస్తాడా అని కూడా ప్రతి కుటుంబమూ అడుగుతుంది. సోడియం మరీ ఎక్కువైతే దానివల్లే స్పృహ మందగించవచ్చు. అందుకే దాన్ని సరిచేశాకే బ్రెయిన్ డెత్ పరీక్షలు చేయాలి. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్ల బృందం, కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చూసి నిర్ధారించాలి. ఈలోగా “వేలూరు తీసుకుపోదాం, చెన్నై తీసుకుపోదాం” అని అంబులెన్స్ ఎక్కించేవారిని చాలామందిని చూశాను. దారిలో సోడియం చూసే ల్యాబ్ ఎక్కడిది? వాళ్ల ఆరాటం నాకు తెలుసు. కానీ దారి పొడవునా నీళ్లు పోతూ, బీపీ పడిపోతూ వెళ్తారు.

నేను గట్టిగా నమ్మేది ఒకటుంది. అవయవదానం మాట ఎత్తే ముందు ఈ మూత్రం సంగతి, సోడియం సంగతి ఇంటివారికి తెలుగులో చెప్పాలి. చెప్పే మనిషి, దానం అడిగే మనిషి వేరువేరుగా ఉండాలి. దాత సోడియం 155 దాటకుండా చూడాలని ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్లు తాపత్రయపడతారు, కాలేయం కోసం. ఏమీ తెలియని కుటుంబానికి అది “మా వాడి కోసం కాదు, వాడి కాలేయం కోసం మందులిస్తున్నారు” అనిపిస్తుంది. ముందే కూర్చోబెట్టి చెబితే సగం గొడవలు ఉండవు, నేను పందెం కాసి చెబుతాను. పాకాల కుటుంబం దానానికి ఒప్పుకుందా లేదా అన్నది ఇక్కడ రాయను, అది వాళ్ల సొంత విషయం.

మీరు చేయగలిగింది ఒకటుంది. కేస్ షీటు కాపీ కోసం రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ నిబంధన ఉంది. అందులో కంటిపాపలు స్పందించడం ఎప్పుడు ఆగింది, మూత్రం ఎప్పుడు పెరిగింది, సోడియం 150 ఎప్పుడు దాటింది అన్న మూడు సమయాలు పక్కపక్కన రాసుకోండి. కంటిపాపల సమయం ముందుంటే మీ అన్నయ్యను ఉప్పు చంపలేదు. సోడియమే ముందు పెరిగి ఉంటే, మానిటాల్, 3 శాతం సెలైన్ ఎప్పుడు ఎంత ఇచ్చారో చూసుకుని, ఆ కాగితాలతోనే వెళ్లి డాక్టరును అడగండి.