టెక్ సందేహాలు: ముగింపు ట్యాగు తప్పుచోట పడుతుంటే

ప్రశ్న: ఓరుగల్లులో చూడదగిన స్థలాల గురించి కళాశాల ప్రాజెక్టు కోసం విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో వెబ్ పేజీ తయారు చేస్తున్నాను. ట్యాగు (పేజీలోని ఒక భాగాన్ని గుర్తించే హెచ్‌టీఎంఎల్ గుర్తు) తెరవగానే ముగింపు ట్యాగు దానంతట అదే వస్తోంది. అయితే, ముందే రాసిన పేరాలను డివ్‌లో (భాగాలను ఒకచోట చేర్చే ట్యాగు) పెట్టాలనుకున్నప్పుడు అది తప్పుచోట పడుతోంది. ఈ సదుపాయాన్ని ఆపేయమంటారా?
– డిగ్రీ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: ఆపేయవద్దు. మీరు ప్రారంభ ట్యాగు చివర > గుర్తు కొట్టిన క్షణంలోనే ఎడిటర్ ముగింపు ట్యాగును కర్సర్ పక్కనే పెడుతుంది. మీ పాత పేరాలు ఎక్కడిదాకా ఉన్నాయో, వాటిలో ఎన్నింటిని ఆ డివ్‌లోకి తీసుకోవాలనుకుంటున్నారో దానికి తెలిసే వీలు లేదు. కాబట్టి కొత్తగా రాసేటప్పుడు ఈ సదుపాయాన్ని వాడుకోండి, ఉన్నదాన్ని చుట్టడానికి మాత్రం వేరే పద్ధతి పాటించండి.

ఆ పద్ధతి ఎమ్మెట్, అంటే చిన్న సంక్షిప్తాలను పూర్తి ట్యాగులుగా మార్చే సాధనం. అది ఈ ఎడిటర్‌లోనే ఉంది, విడిగా ఇన్‌స్టాల్ చేయనక్కరలేదు. డివ్‌లోకి రావలసిన పేరాలను సెలెక్ట్ చేసి, కంట్రోల్, షిఫ్ట్, పి మీటలను కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో ‘ర్యాప్ విత్ అబ్రివియేషన్’ అని ఇంగ్లీషులో వెతికి, దాన్ని ఎంచుకున్నాక డివ్ అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే, రెండు ట్యాగులూ సరైన చోట్లలో పడతాయి. రామప్ప, వేయిస్తంభాల గుడి, ఖిలా వరంగల్, భద్రకాళి చెరువు అని వరుసకొకటిగా రాసుకున్న పేర్లను జాబితాగా మార్చాలన్నా ఇదే దారి: డివ్‌కు బదులు యూఎల్ > ఎల్ఐ* అని ఇంగ్లీషు అక్షరాలలో, మధ్యలో ఖాళీ లేకుండా ఇవ్వండి (యూఎల్ అంటే జాబితా ట్యాగు, ఎల్ఐ అంటే అందులోని ఒక్కో అంశం ట్యాగు). నక్షత్రం పక్కన అంకె వేయకపోతే ఒక్కో వరుస ఒక్కో ఎల్ఐ అవుతుంది. నా దృష్టిలో ఎమ్మెట్‌లో అన్నింటికన్నా ఎక్కువ శ్రమ తగ్గించేది ఇదే, చాలామంది వాడనిదీ ఇదే.

అలవాటు కొద్దీ ముగింపు ట్యాగును మీరు కూడా టైప్ చేస్తే అది రెండుసార్లు పడుతుంది. అదనంగా పడిన డివ్ ముగింపు బయటి డివ్‌ను ముందుగానే మూసేస్తుంది, బ్రౌజర్ ఏ హెచ్చరికా చూపకుండానే పేజీ అమరిక చెదిరిపోతుంది. లోపలి వాక్యం పూర్తయ్యాక ఎండ్ మీట నొక్కి ముందుకు సాగండి. ఇమేజ్, బీఆర్, ఇన్‌పుట్ వంటి వాటికి ముగింపు ట్యాగే ఉండదు కనుక అక్కడ ఏమీ రాకపోవడం లోపం కాదు.

ప్రారంభంలోని డివ్‌ను సెక్షన్ అనే మరో ట్యాగుగా మార్చినప్పుడు ముగింపు ట్యాగు కూడా మారాలంటే, సెట్టింగ్స్‌లో ‘లింక్‌డ్ ఎడిటింగ్’ను వెతికి టిక్ పెట్టండి, మొదట అది ఆపివేసి ఉంటుంది.

ప్రశ్న: రియాక్ట్ (వెబ్ పేజీల తయారీకి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) కోడ్ రాసే జేఎస్ (జావాస్క్రిప్ట్) ఫైల్‌లో ఎమ్మెట్ సంక్షిప్తాలు విచ్చుకోవడం లేదు.
– ఒక ఉద్యోగి, కరీంనగర్

జవాబు: మామూలు జావాస్క్రిప్ట్ ఫైళ్లలో ఎమ్మెట్ దానంతట అదే పనిచేయదు. ఫైల్ పేరు చివరను జేఎస్ఎక్స్‌గా మార్చడమే సులువు. పేరు మార్చే వీలు లేకపోతే, ఎమ్మెట్ సెట్టింగ్స్‌లోని ‘ఇన్‌క్లూడ్ లాంగ్వేజెస్’ కింద జావాస్క్రిప్ట్‌కు ఎదురుగా జావాస్క్రిప్ట్‌రియాక్ట్ అని ఇంగ్లీషులో చేర్చండి. అప్పుడు మామూలు కోడ్ రాస్తున్నప్పుడు కూడా ఎమ్మెట్ సూచనలు అడ్డుపడవచ్చు.